గర్ప్స్‌లో వంద పాయింట్ల యోధుడు: ఓరుగల్లు ముట్టడిలో నిలబడాలంటే పాయింట్లు ఎక్కడ పెట్టాలి?

మట్టికోట_మనిషి (హనుమకొండ) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. హనుమకొండలో మా మిత్రబృందం ఆదివారాలలో కూర్చుని ఆడుకునే రోల్‌ప్లేయింగ్ ఆటలో ఇప్పుడు కొత్త కథ మొదలుకాబోతోంది. ఇంతవరకు మేము ఆడినది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మాత్రమే. ఈసారి ఆటను నడిపించే మా గేమ్ మాస్టర్ గర్ప్స్ అనే మరో రోల్‌ప్లేయింగ్ ఆట నాలుగో ఎడిషన్‌ను ఎంచుకున్నారు. కథాకాలం 1323, ఢిల్లీ నుంచి వచ్చిన ఉలుఘ్ ఖాన్ సేన ఓరుగల్లును చుట్టుముట్టిన సమయం. మా పాత్రలన్నీ ప్రతాపరుద్రుని కొలువులోని ఒక నాయకుని దగ్గర పనిచేసే బంట్లు. పాచికలు అందరి ఎదుటే వేస్తామనీ, ఎవరి మీదా జాలితో ఫలితం మార్చబోమనీ, చనిపోయిన పాత్ర తిరిగి రాదనీ ఆయన ముందే ఖరాఖండిగా చెప్పారు.

పాత్రను తయారు చేసుకోవడానికి ఒక్కొక్కరికి వంద పాయింట్లు ఇచ్చారు. వీటికి తోడు లోపాలు తీసుకొని మరో ముప్పై వరకు సంపాదించుకోవచ్చు. నేను వేసుకున్న చిత్తుప్రతి ఇది: ఎస్‌టీ అనే బలం 14, డీఎక్స్ అనే ఒడుపు 12, ఐక్యూ అనే బుద్ధి, హెచ్‌టీ అనే ఆరోగ్యం రెండూ సగటున 10. చేతిలో రెండు చేతులతో తిప్పే గ్రేట్‌స్వర్డ్, అందులో నైపుణ్యం 14. ఇంతవరకు 88 పాయింట్లు అయ్యాయి. మిగిలినవి గుర్రపు స్వారీకి, ఇంకా చిన్నచిన్న విద్యలకు ఉంచాను. ఒక్క వేటుకే శత్రువు నేలకూలితే అతని దెబ్బ నా దాకా రాదన్నది నా ఆలోచన. జట్టులో ఒక మిత్రుడు మాత్రం ఈ పాత్ర మొదటి పోరు కూడా దాటదని అంటున్నాడు. ఎందుకు దాటదో, దాటాలంటే ఏమి మార్చాలో అనుభవం ఉన్నవారు వివరించగలరా? లోపాలలో ఏవి తీసుకోవాలో కూడా చెబితే మేలు.

బురుజు_కాపరి (కాజీపేట) సమాధానం

మీ మిత్రుడు చెప్పింది నిజమే, కారణాన్ని మాత్రం లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది. మీరు ఆడివచ్చిన ఆటలో స్థాయి పెరిగే కొద్దీ ప్రాణబలం పెరుగుతుంది, సున్నాకు పడినా మూడుసార్లు పాచిక అనుకూలంగా పడితే పాత్ర నిలదొక్కుకుంటుంది. గర్ప్స్‌లో అలా ఉండదు. హెచ్‌పీ అనే ప్రాణబలం మీ ఎస్‌టీతో సమానం, అనుభవం ఎంత వచ్చినా అది దానంతట అది పెరగదు. దెబ్బ తగిలితే ఎన్ని హెచ్‌పీ పోయాయో, నాలుగుకు మించకుండా, అంత తగ్గింపు మీ తర్వాతి వంతులో మీ ఒడుపు, బుద్ధి మీద ఆధారపడిన నైపుణ్యాలన్నిటి మీదా పడుతుంది. సగానికి మించిన హెచ్‌పీ ఒకే దెబ్బలో పోతే హెచ్‌టీ మీద పాచికలు వేయాలి, తప్పితే దిమ్మతిరిగి కింద పడిపోతారు. అంటే మొదటి దెబ్బకు అలా దిమ్మతిరిగినవాడికి రెండో దెబ్బను తప్పించుకునే అవకాశం కూడా తగ్గిపోతుంది. కాబట్టి ఈ ఆటలో పోరుకు సిద్ధమైన పాత్ర అంటే ముందుగా దెబ్బ తగలనివ్వని పాత్ర, తగిలినా స్పృహ కోల్పోని పాత్ర. గట్టిగా కొట్టగలగడం వీటి తర్వాతే వస్తుంది.

మీ చిత్తుప్రతినే చూద్దాం. కత్తితో అడ్డుకునే ప్యారీ విలువ నైపుణ్యంలో సగానికి మూడు కలిపితే వస్తుంది, కాబట్టి మీది 10. తప్పుకొనే డాడ్జ్‌కు ఒడుపు, ఆరోగ్యం కలిపి నాలుగుతో భాగించి, మూడు కలిపి, భిన్నాన్ని వదిలేస్తే మీకు 8 వస్తుంది. మూడు పాచికల మొత్తం ఆ విలువను దాటకపోతేనే రక్షణ ఫలిస్తుంది. మూడు పాచికలు వేసినప్పుడు 10 లేదా అంతకన్నా తక్కువ పడే అవకాశం నూటికి 50, 8 లేదా అంతకన్నా తక్కువ పడేది నూటికి 26 మాత్రమే. నైపుణ్యం 12 ఉన్న మామూలు సైనికుడు మిమ్మల్ని కత్తితో కొడితే, మీరు ప్యారీ చేసినా నూటికి 37 సార్లు దెబ్బ తగులుతుంది. అతని పక్కనే రెండోవాడు ఉంటే అదే కత్తితో చేసే రెండో ప్యారీకి 4 తగ్గుతుంది, కాబట్టి మీరు డాడ్జ్ మీదనే ఆధారపడాలి, అప్పుడు నూటికి 55 సార్లు తగులుతుంది. ఇద్దరు మామూలు సైనికులు చాలు, మీ బంటు ఒకటి రెండు వంతులలో పడిపోతాడు. ఒక్క వేటుకే శత్రువు కూలుతాడన్న నమ్మకం సంగతి కూడా అంతే. మీరు గురి తప్పకపోయినా, డాలుతో అడ్డుకునే బ్లాక్ విలువ 11 ఉన్న శత్రువు మీద మీ వేటు నిజంగా తగిలేది ఎనిమిదింట మూడుసార్లు.

గోడ మీద యుద్ధం కాబట్టి బాణాల సంగతి కూడా చూడాలి. మామూలు మనిషి బాణాన్ని కత్తితో ప్యారీ చేయలేడు. డాలుతో బ్లాక్ చేయవచ్చు, లేదా తప్పుకోవచ్చు. డాలు లేని మీకు మిగిలేది ఆ 8 డాడ్జ్ ఒక్కటే. కోట ముట్టడి కథలో ఈ ఒక్క కారణం చాలు గ్రేట్‌స్వర్డ్‌ను పక్కన పెట్టడానికి.

నేనైతే ఇలా కడతాను. ఎస్‌టీ 11కి 10 పాయింట్లు, డీఎక్స్ 12కి 40, హెచ్‌టీ 12కి 20. కంబాట్ రిఫ్లెక్సెస్ అనే అనుకూలతకు 15, ఇది డాడ్జ్, ప్యారీ, బ్లాక్ మూడింటికీ ఒక్కొక్కటి కలుపుతుంది, ఆకస్మిక దాడిలో చేష్టలుడిగి నిలబడకుండా కాపాడుతుంది. బల్లెంలో నైపుణ్యం 13కి 4, డాలులో 14కి మరో 4. డాలు సులభమైన విద్య కాబట్టి అంత తక్కువకే వస్తుంది. ఫిట్ అనే అనుకూలతకు 5. మొత్తం 98 అయింది. మధ్యరకం డాలు పట్టుకుంటే అది మూడు రక్షణలకూ రెండేసి కలుపుతుంది. ఇప్పుడు బ్లాక్ 13, ప్యారీ 12, డాడ్జ్ 12. పైన చెప్పిన సైనికుడే వచ్చి కొడితే బ్లాక్‌ను దాటి తగిలేది నూటికి 12 సార్లు, పక్కవాడు కొడితే ప్యారీని దాటేది నూటికి 19 సార్లు. కొట్టేవాడి పాచికల మొత్తం 3 గానీ 4 గానీ పడితే మాత్రం రక్షణకు అవకాశమే ఉండదు, దానికి మందు లేదు.

హెచ్‌టీని చాలామంది చిన్నచూపు చూస్తారు. హెచ్‌పీ సున్నాకు దిగాక కూడా మనిషి నిలబడి పోరాడవచ్చు, కాకపోతే ప్రతి వంతులోనూ హెచ్‌టీ మీద వేసి స్పృహ నిలుపుకోవాలి. హెచ్‌టీ 10 ఉన్న మీ బంటు వరుసగా మూడు వంతులు నిలబడే అవకాశం ఎనిమిదింట ఒకటి. హెచ్‌టీ 12కు ఫిట్ తోడైతే 13 మీద వేస్తారు, అప్పుడు ఆ అవకాశం నూటికి 58 దాటుతుంది. ఆ మూడు వంతులలోనే మిత్రులు మిమ్మల్ని వెనక్కి లాగగలుగుతారు. మీరు బలం మీద ఖర్చుపెట్టిన 40 పాయింట్లతో పోలిస్తే ఇది చాలా చవక బేరం.

డబ్బు కూడా చూసుకోండి. మధ్యయుగపు సాంకేతిక స్థాయిలో మీ చేతికి వచ్చేది ఆ ఆటలోని వెయ్యి డాలర్లు. గ్రేట్‌స్వర్డ్ ఒక్కటే 800. తలకు ఇనుప శిరస్త్రాణం 100 పెట్టి కొంటే, 150 పలికే గొలుసు చొక్కా మీకు అందదు. బల్లెం 40, డాలు 60, గొలుసు చొక్కా 150, శిరస్త్రాణం 100, అన్నీ కలిపి 350తో నా బంటు తల నుంచి నడుము దాకా ఇనుములో ఉంటాడు.

గదాధరుడు (కరీంనగర్) సమాధానం

బురుజు కాపరి గారి లెక్కలలో తప్పు లేదు, కానీ ఆయన సగం యుద్ధమే చూపించారు. ఆ బంటు చావడు సరే, ఎవరినైనా చంపగలడా? ఎస్‌టీ 11తో ఒక చేతి బల్లెపు పోటు ఒక పాచికకు ఒకటి కలిపినంత, అంటే 2 నుంచి 7 వరకు. ఢిల్లీ సైనికులకు గొలుసు కవచం ఉంటుందని మీ గేమ్ మాస్టర్ నిర్ణయిస్తే, అది పోటుకూ కోతకూ 4 అడ్డుకుంటుంది. పాచిక మీద మూడు లేదా అంతకన్నా తక్కువ పడితే గీత కూడా పడదు. ఆరు పడితే మూడు లోపలికి దిగి, పోటు కాబట్టి రెట్టింపై ఆరు అవుతుంది. ఎదుటివాడు కూడా డాలు పట్టి నిలబడితే ఇద్దరూ ఒకరి డాలు మీద ఒకరు చప్పుడు చేసుకుంటూ పొద్దుపోయేదాకా నిలబడాలి. ఈలోపు మూడోవాడు చుట్టూ తిరిగి వెనుకకు చేరతాడు, వెనుక నుంచి వచ్చిన దాడికి ఈ నియమాలలో రక్షణే లేదు.

అందుకని ఆయన మిగిల్చిన రెండు పాయింట్లను గదకు పెట్టండి. గొడ్డలి, గద రెండింటికీ ఒకటే నైపుణ్యం, రెండు పాయింట్లకు అది మీ ఒడుపుతో సమానంగా 12 వస్తుంది. చిన్న గద వెల 35, బరువు మూడు పౌండ్లు. ఎస్‌టీ 11తో దాని దెబ్బ ఒక పాచికకు మూడు కలిపినంత. అసలు లాభం వేరే చోట ఉంది: గొలుసు కవచం కోతను 4 అడ్డుకుంటుంది కానీ మొద్దు దెబ్బను 2 మాత్రమే అడ్డుకుంటుంది. అందుచేత తగిలిన ప్రతి గద దెబ్బా కనీసం రెండు హెచ్‌పీ తీస్తుంది, సగటున నాలుగున్నర. గదతో కొట్టిన వంతులో దానితో ప్యారీ చేయలేరు. చేతిలో డాలు ఉన్నవాడికి అది పెద్ద లోటు కాదు. కవచం లేనివాడు ఎదురైతే బల్లెం, ఉన్నవాడు ఎదురైతే గద. బల్లెం కిందపడేసి గద దూయడానికి ఒక వంతు పోతుంది, అందుకని శత్రువు దగ్గరకు రాకముందే ఎవరు వస్తున్నారో చూసి నిర్ణయించుకోవాలి.

బరువు గురించి ఆయన ప్రస్తావించలేదు, అక్కడ ఒక మెలిక ఉంది. ఎస్‌టీ 11 ఉన్నవాడు 24 పౌండ్ల వరకు ఏ ఇబ్బందీ లేకుండా మోస్తాడు, 48 వరకు మోస్తే డాడ్జ్ ఒకటి తగ్గుతుంది, దానిని దాటితే రెండు తగ్గుతుంది. ఆయన చెప్పిన సామాను గదతో కలిపి 43 పౌండ్లు, కాబట్టి డాడ్జ్ 12 కాదు, 11. గొలుసు చొక్కా బదులు తొడల మొదలు దాకా దిగే పొడవాటి గొలుసు అంగీ తొడిగితే 52 అవుతుంది, డాడ్జ్ 10కి పడిపోతుంది. ప్యారీ, బ్లాక్‌లను మాత్రం బరువు తాకదు.

పాచికల_పెద్దన్న (మంచిర్యాల) సమాధానం

తమ్ముడూ, పై ఇద్దరూ ఆటగాళ్ల వైపు నుంచి మాట్లాడారు. నేను ఈ ఆటను నడిపించే కుర్చీలో ఎక్కువగా కూర్చునేవాడిని కాబట్టి, పాత్రలు ఎందుకు చనిపోతాయో ఆ వైపు నుంచి చెబుతాను. నా బల్ల మీద పాత్రలను చంపినది తక్కువ రక్షణ కంటే ఎక్కువగా పాయింట్ల ఆశతో తీసుకున్న లోపాలే. బెర్సర్క్ తీసుకుంటే 10 పాయింట్లు వస్తాయి, కానీ ఆ పూనకం వచ్చినప్పుడు అందుబాటులో ఉన్న శత్రువు మీద ఆల్-ఔట్ అటాక్ చేసి తీరాలి, ఆ దాడి చేసినవాడికి ఆ తర్వాత ఏ రక్షణా ఉండదు. బురుజు కాపరి గారు అంత శ్రద్ధగా కట్టిన 13 బ్లాక్ ఆ ఒక్క మాటతో సున్నా అయిపోతుంది. మితిమీరిన ఆత్మవిశ్వాసం, దుడుకుతనం, రక్తదాహం కూడా ఇదే కోవలోవి, వెనక్కి తగ్గాల్సిన క్షణంలో కాళ్లు కట్టేస్తాయి. ప్రాణాంతకమైన ఆటలో పారిపోయే స్వేచ్ఛను అమ్ముకొని పాయింట్లు కొనుక్కోవద్దు.

బదులుగా తోటివారి పట్ల బాధ్యతకు 5, నిజాయితీకి 10, తరచుగా పిలుపు వచ్చే కొలువు బాధ్యతకు 10 తీసుకోండి. నాయకుని దగ్గర బంటు అంటేనే ఆ కొలువు ఎలాగూ ఉంటుంది, ఊరికే ఉన్నదానికి పాయింట్లు వస్తుంటే కాదనడం దేనికి? మిగిలిన ఐదుకు తిండిపోతుతనం తీసుకోవచ్చు, ముట్టడిలో ధాన్యం కొలిచి ఇచ్చే రోజులు వచ్చినప్పుడు మీ గేమ్ మాస్టర్ దానిని వాడుకోక మానరనుకోండి, అయినా దానివల్ల గోడ మీద ప్రాణం పోదు.

ఇలా వచ్చిన ముప్పైని ఎక్కడ పెట్టాలన్న దానిలో నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది. హై పెయిన్ థ్రెషోల్డ్‌కు 10 పెట్టండి. దెబ్బ తిన్న తర్వాతి వంతులో పడే తగ్గింపు పూర్తిగా పోతుంది, దిమ్మతిరగకుండా వేసే హెచ్‌టీకి మూడు కలుస్తుంది. ఎస్‌టీని 12కు పెంచడానికి మరో 10. దీనితో పోటు బలం పెరగదు కానీ గద దెబ్బ ఒకటి పెరుగుతుంది, హెచ్‌పీ ఒకటి పెరుగుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా 58 పౌండ్ల వరకు డాడ్జ్ ఒక్కటే తగ్గుతుంది. గదాధరుడు గారు చెప్పిన 52 పౌండ్ల పొడవాటి అంగీ సామాను అందులో ఇమిడిపోతుంది, దాని వెల 230 అయినా మొత్తం సామానుకు 465 దాటదు. ఆపై ఎనిమిది పాయింట్లతో బల్లెపు నైపుణ్యాన్ని 13 నుంచి 15కు తీసుకెళ్లండి. మిగిలిన రెండింటిలో ఒకటి ప్రథమ చికిత్సకు, ఒకటి చప్పుడు లేకుండా నడవడానికి. కట్టు కడితే ఒక హెచ్‌పీ తిరిగి వస్తుంది, రోజంతా విశ్రాంతి, సరైన తిండి దొరికితే హెచ్‌టీ మీద వేసి గెలిచినప్పుడు ఇంకొకటి వస్తుంది. ముట్టడి మధ్యలో ఈ ఆటలో గాయం మానడం అంత నెమ్మది, అందుకే ఆ ఒక్క పాయింటును వదలొద్దు.

బల్లెం 15 ఎందుకంటే, ఎదుటివాడి డాలును దాటే మార్గం అదే. డిసెప్టివ్ అటాక్ అనే ఏమార్చే దాడి చేస్తే మీ నైపుణ్యంలో రెండు వదులుకున్న ప్రతిసారీ శత్రువు రక్షణ ఒకటి తగ్గుతుంది, కానీ మీ గురి 10 కన్నా కిందికి దిగకూడదు. 13 ఉన్నవాడు ఒక్కటే తగ్గించగలడు. 15 ఉన్నవాడు రెండు తగ్గించి కూడా 11 మీద కొడతాడు. 11 బ్లాక్ ఉన్న శత్రువు 9కి దిగితే అతను అడ్డుకునే అవకాశం నూటికి 62 నుంచి 37కు పడిపోతుంది. మీ గురి కూడా 11కు దిగింది కాబట్టి ఇలాంటి శత్రువు మీద లాభనష్టాలు దాదాపు సరిసమానం, ఎదుటివాడి రక్షణ 12, 13 ఉన్నప్పుడే ఇది నిజంగా పనికొస్తుంది. మామూలు సైనికుల మీద వాడి వృథా చేసుకోవద్దు.

ఇంకొక మాట, మీ ఒక్కరి పాత్ర కాగితం ఎంత బాగున్నా సరిపోదు. జట్టులో కనీసం ఇద్దరు డాళ్లతో పక్కపక్కన నిలబడితే ఒకరి వెనుకకు శత్రువు చేరడం కష్టమవుతుంది, వారి వెనుక ఒక విలుకాడు ఉంటే గదాధరుడు గారు భయపడిన పొద్దుపోయేదాకా సాగే పోరు త్వరగా ముగుస్తుంది. నలుగురూ గ్రేట్‌స్వర్డ్‌లతో వస్తే మీ గేమ్ మాస్టర్‌కు పని తేలికవుతుంది.

చరిత్రను కూడా ఆటలోకి తీసుకురండి. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ సేన బయటి మట్టికోటను పట్టుకున్నాక, లోపలి రాతికోట ఇంకా చేతిలో ఉండగానే ప్రతాపరుద్రుడు కప్పం కట్టి సంధి చేసుకున్నాడు. అంత రాజే బయటి గోడ పోయాక లెక్క వేసుకున్నప్పుడు, వంద పాయింట్ల బంటు బయటి గోడ మీదనే ప్రాణం పెట్టాల్సిన పనిలేదు. వెనుక అగడ్త, రాతిగోడ, ద్వారం ఉన్నాయి. ద్వారం మూసేలోపు లోపలికి చేరడమే ఆ రోజు గెలుపని జట్టంతా ముందే అనుకొని ఉండాలి, పోరు మధ్యలో వాదించుకునే సమయం ఉండదు. వెళ్లి కోటను ఒకసారి చూసి రండి. మట్టికట్ట ఎక్కి రాతికోట వైపు చూస్తే ఆ దూరం ఎంతో మీకే అర్థమవుతుంది, ఇనుము తొడుక్కొని పరుగెత్తాల్సిన దూరం అదే.

మట్టికోట_మనిషి (హనుమకొండ)

ముగ్గురికీ కృతజ్ఞతలు. గ్రేట్‌స్వర్డ్‌ను వదిలేస్తున్నాను, పెద్దన్న గారు చెప్పిన పద్ధతిలో డాలు, బల్లెం, గదతో పాత్రను తిరిగి రాస్తున్నాను. గుర్రపు స్వారీకి చోటు లేకుండా పోయింది కానీ గోడ మీద గుర్రంతో పనేముంది. ఒక సందేహం మిగిలింది. దెబ్బ వస్తున్నప్పుడు ఒక అడుగు వెనక్కి వేస్తే రక్షణ పెరుగుతుందని, దానిని రిట్రీట్ అంటారని విన్నాను. కోట గోడ మీద వెనుక చోటు లేనప్పుడు కూడా అది పనిచేస్తుందా?

బురుజు_కాపరి (కాజీపేట)

పనిచేయదు. శత్రువుకు దూరంగా ఒక గజం జరగడానికి చోటు ఉండాలి, వెనుక మిత్రుడు నిలబడి ఉన్నా, గోడ అంచు ఉన్నా రిట్రీట్ చేయలేరు. చోటు ఉన్నా ఒక వంతులో ఒక్కసారే, దగ్గర నుంచి కొట్టే ఒక్క శత్రువు మీదే పనికొస్తుంది, బాణాలకు అది వర్తించదు. డాడ్జ్‌కు మూడు కలుస్తుంది కానీ ప్యారీకీ, బ్లాక్‌కూ ఒక్కటే. కాబట్టి 13 బ్లాక్ ఉన్న మీ కొత్త బంటుకు దానివల్ల వచ్చే లాభం తక్కువ, అది లేకపోయినా నష్టం తక్కువే. మీ పాత చిత్తుప్రతిలోని 8 డాడ్జ్‌వాడికైతే ఆ అడుగు చోటే ప్రాణం. పటం మీద ఒక్కో షట్కోణం ఒక గజం, గోడ వెడల్పు ఎన్ని షట్కోణాలో మీ గేమ్ మాస్టర్‌ను మొదటి రోజే అడిగి, ఇద్దరు డాళ్లవాళ్లు పక్కపక్కన పట్టే చోటు ఎక్కడుందో చూసుకోండి.